పాఠశాలలలో యంత్రముల పొత్తు

ఒక యింట నిరువదిమంది పండితులు నివసించుచు, ఒకరితో నొకరు మాటలాడకున్నచో ఆ యింటిని విద్యానిలయ మనవచ్చునా? మన ఉన్నత పాఠశాలలలోని కంప్యూటరు గదులను జూచినప్పుడు ఈ ప్రశ్నయే మనస్సునకు దోచును. గదిలో యంత్రములు గలవు, బల్లలు గలవు, గోడమీద ప్రారంభోత్సవపు శిలాఫలకము గలదు. కాని ఒక యంత్రములోని పాఠము ప్రక్క యంత్రమునకు దెలియదు. ఉపాధ్యాయుడొక పాఠమును ఇరువదిమందికి ఈయదలచిన, చిన్న పెన్‌డ్రైవును చేతబట్టుకొని ఇరువది బల్లలచుట్టును దిరుగవలయును. ఆ తిరుగుటలో పాఠముతోపాటు వైరస్సు సైతము యంత్రమునుండి యంత్రమునకు బ్రాకును. ఇంతలో గంట మ్రోగును. పిల్లలు లేచిపోవుదురు. గదికి దాళము పడును.

కేంద్ర విద్యాశాఖవారి యూడైస్ ప్లస్ లెక్కల ననుసరించి 2024-25 విద్యాసంవత్సరమున దేశమందలి పాఠశాలలలో నూటికి సుమారు 65 వంతులకు కంప్యూటరు సౌకర్యమును, 63 వంతులకు పైగా ఇంటర్నెట్టు సౌకర్యమును గలవు. అంతకు ముందటి యేడు ఈ యంకెలు వరుసగా 57, 54 చొప్పున నుండెను. ఈ వృద్ధికి సంతసింపవలసినదే. కాని యంత్రము కలిగియుండుట వేరు, అది విద్యకు బనికివచ్చుట వేరు. లెక్కలపుస్తకమున నొక గడి నిండినంత మాత్రమున పిల్లవాని బుద్ధి నిండదు.

మేము చెప్పదలచిన దొక్కటియే. బయటినుండి వచ్చు తీగకొఱకు గాచుకొనకుండ, ముందు లోపలి తీగను గట్టుకొనవలయును. ఒక గదిలోని యంత్రములను ఒకదానితో నొకటి కలిపి, వాని నడుమ నొక విజ్ఞానభాండారమును నెలకొల్పి, దానిని పాఠశాలయే స్వంతముగా నేలుకొనవలయును. ఇది స్వల్పవ్యయముతో, స్వల్పకాలములో, మనవారి చేతులమీదుగా కాదగిన పని. కాకపోవుటకు గారణము ధనలోపము కన్న సంకల్పలోపమే యధికముగా గన్పట్టుచున్నది.

పొత్తు యెట్లు పుట్టినది

యంత్రములను గలుపు విద్య పుట్టుకయే పంచుకొనుటకై పుట్టినది. 1971 లో హవాయి ద్వీపములలోని విశ్వవిద్యాలయమువారు, సముద్రము నడ్డము పెట్టుకొనియున్న దీవులను రేడియో ద్వారమున నొక కంప్యూటరుతో గలిపిరి. దానికి 'అలోహా' యని పేరు. రెండు కేంద్రములు ఒక్కసారిగా బలికినచో మాటలు డీకొని చెడిపోవును. అప్పుడు రెండును కొంత తడవాగి మరల బలుకవలయును. ఈ మర్యాదను జూచి, 1973 లో అమెరికాలోని జిరాక్సు సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున రాబర్టు మెట్కాఫ్, డేవిడ్ బాగ్స్ అను నిరువురు తీగమీద నట్టి పద్ధతినే కల్పించిరి. పూర్వకాలపు శాస్త్రజ్ఞులు వెలుగునకు వాహనముగా నూహించిన 'ఈథరు' పేరిట దానికి 'ఈథర్నెట్టు' అని నామకరణము చేసిరి. వారి యక్కర మిక్కిలి లౌకికమైనది. అక్కడి యంత్రము లన్నిటికిని గలిపి వెలగల ముద్రణయంత్ర మొక్కటి యుండెను. దానిని అందరును బంచుకొనవలసి వచ్చెను. వెలగల వస్తువు నలుగురికి నుపయోగపడవలెనన్న యూహయే నేటి జాలములకెల్ల బీజము.

పాఠశాలలకును ఈ యూహ క్రొత్తది గాదు. ఇంగ్లాండులో 1980 దశకమున 'బి.బి.సి. మైక్రో' యను చిన్న కంప్యూటరు బడులలో వ్యాపించినప్పుడు, ఆ యంత్రమును జేసిన ఏకార్న్ సంస్థవారు 'ఎకోనెట్' అను చవుకపాటి జాలమును గూడ నమర్చిరి. డిస్కులును ముద్రణయంత్రములును ప్రియముగా నుండిన ఆ దినములలో తరగతి కంతటికి నొక్కదానితో బని జరిగెడిది. మన దేశమున 1984 లో 'క్లాస్' అను పేర బడులలో కంప్యూటరు విద్య నారంభించినప్పుడు తెప్పించినవియు ఆ బి.బి.సి. మైక్రోలే. నాలుగు దశాబ్దములు గడచినవి. యంత్రములు మారినవి, వేగము వేయింత లైనది. కాని అనేక పాఠశాలలలో యంత్రము లింకను ఒంటరిగనే కూర్చున్నవి.

ఏమేమి కావలయును

ఈ పని యేదో మహావిద్య యనియు, పట్టణమునుండి నిపుణుడు రావలెననియు జనులలో నొక భ్రమ గలదు. దానిని దొలగించుటకై కావలసిన సామగ్రిని వివరింతుము.

మొదటిది స్విచ్చి. ఇది దీపము వెలిగించు మీట గాదు. వరుసగా రంధ్రములుగల యొక చిన్న పెట్టె. ఇరువది యంత్రముల గదికి 24 రంధ్రముల స్విచ్చి చాలును. మిగిలిన రంధ్రములు సర్వరునకును, ముద్రణయంత్రమునకును, బయటి తీగకును పనికివచ్చును. తపాలా కచ్చేరిలో జాబులను జూచి యే వీథికి బోవలసినదానిని ఆ వీథి సంచిలో వేసినట్లు, ఈ పెట్టె ప్రతి సమాచారమును చేరవలసిన యంత్రమునకే చేర్చును.

రెండవది కేబులు. ఇందులో నెనిమిది సన్నని తీగలు నాలుగు జంటలుగా పెనవేసికొని యుండును. పెనవేయుటలో నర్థము గలదు. అట్లు మెలివేసిన తీగలలో బయటి విద్యుత్తు చిక్కులు ఒకదానినొకటి రద్దుచేసికొనును. స్విచ్చినుండి యంత్రమువరకు కేబులు పొడవు 100 మీటర్లకు మించరాదు. ఏ తరగతిగదికైనను ఇది పుష్కలము. కేబులు కొనకు బిగించు ప్లాస్టిక్కు ముక్కలో తీగల నొక వరుసలో నమర్చవలయును. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలము, తెలుపు-నీలము, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఇది విరివిగా వాడుకలోనున్న వరుస. రెండు కొనలయందును ఇదే వరుస నుంచి, క్రింపింగు పట్టకారుతో నొక్కినచో కేబులు సిద్ధమగును. దీపములు వెలుగు చిన్న టెస్టరుతో నొక్కొక్క తీగను బరీక్షింపవచ్చును. తొమ్మిదవ తరగతి బాలబాలికలు ఒక పూటలో దీనిని నేర్చుకొనగలరు. తాను బిగించిన కొనలో ఎనిమిది దీపములును వరుసగా వెలుగుట చూచిన పిల్లవానికి, యంత్రము దేవుడును గాదు, దయ్యమును గాదు, మనుష్యుని చేతిపని యని తెలియును. ఈ యెఱుక యే పాఠ్యపుస్తకమును ఈయజాలదు.

మూడవది చిరునామా. ప్రతి యంత్రమునకును నాలుగంకెల సముదాయముతో నొక చిరునామా యుండును. లోకమందెవ్వరికిని ప్రత్యేకముగా జెందక, ఇంటింటను బడిబడిని స్వేచ్ఛగా వాడుకొనుటకు గొన్ని చిరునామాలను 1996 నాటి నిబంధనలో విడిచిపెట్టిరి. 192.168 తో మొదలగునవి వానిలోనివే. వీనిని వాడుటకు ఎవ్వరి యనుమతియు నక్కరలేదు. ఎవ్వరికిని రుసుము చెల్లింప బనిలేదు. సర్వరు తానే యంత్రములకు చిరునామాలు పంచిపెట్టునట్లు చేయవచ్చును.

నాలుగవది సర్వరు. ఇది గదిలోని గ్రంథపాలకుడు. గదిలోని యంత్రములలో మంచిదాని నొకదానిని ఏర్పరచి, దానికి బెద్ద డిస్కును, కొంత యధిక జ్ఞాపకశక్తిని జేర్చినచో చాలును. విద్యుత్తు పోయినప్పుడు ఇరువది యంత్రములను నిలుపు బ్యాటరీలు లేకున్నను, సర్వరును స్విచ్చిని నిలుపునంతటి యు.పి.యస్. మాత్రము తప్పక యుండవలయును. గోడవెంట కేబుళ్లను ప్లాస్టిక్కు గొట్టములలో నడిపింపవలయును, లేకున్న ఎలుకలు విడువవు. విద్యుత్తునకు సరియైన ఎర్తింగు చేయింపవలయును, లేకున్న మొదటి వానకారు పిడుగులకే గది యంతయు మూగవోవును.

స్విచ్చియు, కేబుళ్లును, కొనలును, పట్టకారును గలిపి యగు వ్యయము ఒక్క క్రొత్త కంప్యూటరు వెలకు దక్కువయే. ఇరువది కొనినవారు ఇరువది యొకటవ దాని వెలతో ఆ యిరువదింటికిని ప్రాణము పోయవచ్చును.

లోపల నేమి యుంచవలయును

తీగ కట్టినంతమాత్రమున విద్య రాదు. భాండారమున ధాన్య ముండవలయును. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరున నారంభమై, స్వచ్ఛందసేవకుల కృషివలన నేడు లక్షకు మించిన వ్యాసములు గలదిగా నున్నది. కివిక్స్ అను నుచిత సాధనముచే ఆ విజ్ఞానసర్వస్వము నంతటిని ఇంటర్నెట్టు లేకయే సర్వరులో నుంచవచ్చును. అది యొక సామాన్యపు పెన్‌డ్రైవులో బట్టునంతటిది. కోలిబ్రి యనునది మరియొక సాధనము. అంతర్జాల మందని బడులకొఱకే చేయబడినది. పాఠములను, అభ్యాసములను సర్వరునందుంచి, యే విద్యార్థి యెంతవరకు వచ్చెనో ఉపాధ్యాయునకు జూపును. ప్రభుత్వములు ప్రకటించు పాఠ్యపుస్తకముల ప్రతులు, కొలరాడో విశ్వవిద్యాలయమువారి 'ఫెట్' అను భౌతిక రసాయన ప్రయోగముల బొమ్మలు, జ్యామితికి జియోజెబ్రా, ఇవి యన్నియు నుచితముగా లభించును. ప్రయోగశాల లేని బడిలో లోలకమును, విద్యుద్వలయమును పిల్లలు స్వయముగా మార్చి చూచుటకు ఇంతకన్న సులభోపాయము లేదు.

అయినను వీనినన్నిటికన్న విలువైనది పిల్లలు తామే వ్రాసి చేర్చునది. ఊరి చెరువులో నీటిమట్టము నెలనెల కెట్లుండెను, ఊరిలో నేయే పంటలు పోయినవి, ఏయే చేతిపనులు మిగిలినవి, తాతలు చెప్పు స్థలపురాణమేమి? ఇట్టివానిని ప్రతి తరగతియు వ్రాసి యుంచినచో పదియేండ్లలో ఆ సర్వరు గ్రామచరిత్ర యగును. ఒంటరి యంత్రములో వ్రాసినదానిని వ్రాసినవాడొక్కడే చదువును. పొత్తులోని యంత్రములో వ్రాసినదానిని తరగతి యంతయు జదివి, తప్పు దిద్దును. చదువరులు గలరని తెలిసినప్పుడే గదా వ్రాత నిలుకడ పొందును.

"ఇంటర్నెట్టు చవుకైనది గదా?"

ఇంత శ్రమ యెందుకు, అందరిచేతను ఫోనులున్నవి, ఇంటర్నెట్టు చవుకైనది గదా యని యడుగువారు గలరు. మేము ఇంటర్నెట్టునకు విరోధులము గాము. 1995 ఆగస్టు 15 న విదేశ సంచార నిగమమువారు మన దేశమున సామాన్యులకు ఆ ద్వారమును దెఱచిరి. అది మహోపకారమే. కాని లెక్క చూడుడు. బడికి వచ్చు లైను సెకనునకు 40 మెగాబిట్ల దని యనుకొందము. ఇరువదిమంది పిల్లలు 200 మెగాబైట్ల చలనచిత్రపాఠమును తమతమ యంత్రములలోనికి దెచ్చుకొనవలసిన, లైను నిరాటంకముగా బనిచేసినను పదమూడు నిమిషములకు పైగా పట్టును. గంట కాలములో నది యైదవవంతునకు మించును. అదే పాఠము గదిలోని సర్వరునందున్నచో, సెకనునకు 1000 మెగాబిట్ల స్విచ్చిద్వారా సుమారు అర నిమిషములో నిరువదిమందికిని జేరును. బయటి లైను వానకు దెగినను, బిల్లు కట్టక నిలిపివేసినను, తరగతి యాగదు.

తీగ యెందుకు, వై-ఫై చాలదా యన్న ప్రశ్నయు గలదు. గాలి యందరిది. హవాయి దీవులలో వలెనే అందరు నొక్కసారి పలికిన నొకరికొఱకొకరు ఆగవలసినదే. కదలని బల్లమీది కంప్యూటరునకు తీగయే మేలు. పలకలవంటి చేతి యంత్రములకొఱకు అదే స్విచ్చికి నొక వై-ఫై పెట్టెను దగిలించుకొనవచ్చును.

బయటి ద్వారము రావలసినప్పుడు రానిండు. కాని అది సర్వరు మీదుగా నొక్క గుమ్మముననే రావలయును. అట్లయిన ప్రకటనలను, పిల్లలకు దగనివానిని గుమ్మముననే యాపవచ్చును. చట్టము సైతము మనకు జెప్పుచున్న దిదియే. 2023 లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారిని బాలురుగా నెంచి, వారి సమాచారమును వాడుకొనుటకు తల్లిదండ్రుల యనుమతి కావలెననియు, వారి నడవడిని వెన్నాడుటయు వారికి గుఱిపెట్టి ప్రకటనలు చేయుటయు గూడదనియు, కొన్ని మినహాయింపులకు లోబడి, విధించినది. 2025 నవంబరులో దానికి నియమములు వెలువడి, చట్టము అంచెలుగా నమలులోనికి వచ్చుచున్నది. బాలుని యభ్యాసపు పుస్తకము బడి గోడలు దాటకుండుటకన్న మిన్నయైన రక్షణ వేరేమున్నది?

అనుమతియు, స్వామ్యమును

న్యాయవాదవృత్తి యందుండుటచే ఒడంబడికల చిన్న యక్షరములను జదువుట మాకు నిత్యకృత్యము. పాఠశాలలకు వచ్చు యంత్రముల యొడంబడికలను జూచినప్పుడు మాకు గల్గు సంశయమిది. ఇందులో పాఠశాలకు దక్కినది స్వామ్యమా, అనుమతియా?

2004 డిసెంబరులో కేంద్రప్రభుత్వము బడులలో కంప్యూటరు విద్యకై యొక పథకమును బెట్టి, 2010 లో దానిని సవరించెను. దానిక్రింద ననేక రాష్ట్రములు, మన యుమ్మడి ఆంధ్రప్రదేశముతో సహా, కట్టి, తమచెంత నుంచుకొని, నడిపి, కడపట నప్పగించు పద్ధతిని గుత్తదారుల కిచ్చినవి. గుత్త నడచినన్నాళ్లు బోధకుడును మరమ్మతుదారుడును గుత్తదారుని మనుష్యులే. గుత్త ముగిసిన దినమున బడికి మిగులునది పాతబడిన యంత్రములును, తాళపుచెవియును. వానిని నడుపు తెలివి మాత్రము గుత్తదారునితో వెడలిపోవును. అప్పగించుట యనగా వస్తువును మాత్రమే గాక, విద్యను గూడ అప్పగించుట యని యే యొడంబడికయందును స్పష్టముగా వ్రాయవలసి యున్నది.

మరియొక యుదాహరణము. 2022 లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బైజూస్ అను సంస్థతో నొడంబడిక చేసికొని, ఆ సంస్థవారి పాఠములు నింపిన పలకలను ఆ యేటి డిసెంబరున నెనిమిదవ తరగతి విద్యార్థులకు బంచెను. 2024 లో ఆ సంస్థయే దివాలా వ్యవహారమున న్యాయస్థానముల కెక్కెను. ఎవరి తప్పొప్పు లెవ్వి యను విచారణ మాకిక్కడ నవసరము లేదు. ఒక వర్తకుని ధనస్థితిపై బాలుని పాఠ మాధారపడియుండుట మంచిదా యనునదే ప్రశ్న. పలకలోని పాఠము పలకతో బోవును. బడి సర్వరులో బడి స్వంతముగా నుంచుకొన్న పాఠము బడితో నిలుచును.

ఇంకొకటి. మైక్రోసాఫ్టు సంస్థవారు తమ విండోస్ 10 నకు 2025 అక్టోబరు 14 తో సామాన్య రక్షణను నిలిపివేసిరి. దాని తరువాతిదైన విండోస్ 11 పాత యంత్రము లనేకములలో నడువదు. అనగా చెక్కుచెదరని కంప్యూటరు, దూరదేశమున నొక వర్తకుని తేదీ వచ్చినంతనే, పనికిమాలినదై పోవలెనా? ఎద్దు బలముగా నున్నను, కాడి యమ్మినవాడు కాలము చెల్లినదని చెప్పినంతనే ఎద్దును గటికవానికీయు రైతు మనలో నుండునా?

ఈ బంధనమునకు విరుగుడు చిరకాలమునుండి సిద్ధముగా నున్నది. 1983 లో రిచర్డు స్టాల్‌మన్ 'గ్నూ' అను పేర స్వేచ్ఛా సాఫ్టువేరు నుద్యమముగా నారంభించెను. 1991 లో ఫిన్లాండు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించెను. వీనిని నడుపవచ్చును, చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. 1999 నుండి 'యల్.టి.యస్.పి.' యను నొక యమరిక గలదు. దానిచే బలహీనమైన పాత యంత్రములు కేవలము తెరయు, మీటలుగా నుండి, పనియంతయు సర్వరు చేసిపెట్టును. అనగా పొత్తు గలిగినచో ముసలి యంత్రములును బ్రతుకును. ఒంటరిగా నున్న యంత్రము చావవలసినదే.

ఇది యూహాగానము గాదు. నార్వేలో 2001 నుండియు 'స్కోలెలినక్స్' అను పేర బడులకొఱకే యిట్టి జాలము నమర్చుచున్నారు. అంతదూర మేల? మన పొరుగుననున్న కేరళమున 2001 లో 'ఐటి ఎట్ స్కూల్' అను పథకము నారంభించి, క్రమముగా బడులన్నిటిని స్వేచ్ఛా సాఫ్టువేరునకు మార్చి, 2017 లో దానిని 'కైట్' అను ప్రభుత్వసంస్థగా రూపొందించిరి. 2018 లో 'లిటిల్ కైట్స్' అను పేర విద్యార్థిసంఘములను స్థాపించి, యంత్రముల సంరక్షణలో పిల్లలకే పాలు గల్పించిరి. మలయాళీ సోదరులు చేయగలిగినది తెలుగువారు చేయలేరా? హైదరాబాదులో 'స్వేచ్ఛ' అను సంఘమువారు తెలుగులో మాటలాడు లినక్సును చేసియుంచిరి. 2012 నాటి జాతీయ విధానము సైతము బడులలో స్వేచ్ఛా సాఫ్టువేరు వైపే మొగ్గినది. కాగితముమీది మొగ్గు గదిలోని మార్గముగా మారవలసి యున్నది.

కాపరులెవరు?

అన్నిటికన్న కఠినమైన యాక్షేపణ యిది: కట్టినవారు వెడలిపోయిన పిమ్మట కాపాడువా రెవరు? తెలిసిన యుపాధ్యాయుడు బదిలీ యైనచో గది మూతబడును. చెడునేమో యన్న భయముచే ప్రధానోపాధ్యాయుడు తాళము దీయడు. ఇందులో సత్యము గలదు. దీనిని దాచి మాటలాడుట మోసము.

దీనికి మార్గము వ్యక్తిని నమ్ముకొనక, వ్రాతను నమ్ముకొనుట. ప్రతి గదిలోను నొక పుస్తక ముండవలయును. ఏ కేబులు ఏ రంధ్రమునకు బోవునో చిత్రము, ఏ యంత్రమున కే చిరునామా, ఏ దినమున నేమి చెడెను, ఎట్లు బాగుపడెను, ఇదియంతయు తెలుగులో వ్రాసియుంచవలయును. సంకేతపదములను లక్కముద్రవేసిన కవరులో ప్రధానోపాధ్యాయుని బీరువాలో నుంచవలయును. ఒక్క యుపాధ్యాయునకు గాక, ఇరువురకు నేర్పవలయును. ఎనిమిది, తొమ్మిది తరగతులనుండి బాలురను బాలికలను సమానముగా జేర్చి యొక సంఘము నేర్పరచి, ఏటేట పెద్దవారు చిన్నవారికి నేర్పి వెడలునట్లు చేయవలయును. బాలికలను వెనుకబల్లకు నెట్టి, యంత్రమును బాలురకే విడుచు దురాచారమును మొదటనే త్రుంచవలయును. నెలకొకసారి సర్వరులోనిదానిని వేరొక డిస్కునకు ప్రతితీసి గది వెలుపల భద్రపరుపవలయును. దొంగయు, పిడుగును ముందుగా జాబువ్రాసి రారు.

జాలమునకు దనవైన దోషములును గలవు. ఒకని సంకేతపదముతో మరియొకడు ప్రవేశించి యల్లరి చేయవచ్చును. ఉపాధ్యాయుడు తన బల్లనుండి పిల్లలందరి తెరలను జూచు సాధనములు గలవు. అట్టివానిని వాడిన, వాడుచున్నామని పిల్లలకు జెప్పియే వాడవలయును. చాటునుండి చూచుట గురువునకు దగదు. నలుగురి సొత్తును వాడుకొను మర్యాద నేర్చుకొనుటకు ఈ గదియే మొదటి పాఠశాల యగును.

గ్రంథాలయముల మార్గము

ఈ పని తెలుగువారికి స్వభావవిరుద్ధము గాదు. 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1914 లో బెజవాడలో నాంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు సమావేశమై యొక సంఘముగా నేర్పడిరి. 1935 లో కృష్ణా డెల్టా కాలువలమీద పడవలో గ్రంథములు పల్లెలకు బోయెను. ఆ పెద్దలు మహానగరములోని మహాగ్రంథాలయమునకు ప్రతి పల్లెవాడును రావలెనని కోరలేదు. పుస్తకమునే వాని గుమ్మమునకు గొనిపోయిరి. తరగతిగదిలో విజ్ఞానభాండారము నుంచుటయు ఆ ధర్మమే. నాడు పడవ, నేడు డిస్కు. అంతకుమించి భేదము లేదు.

కావున పఠనమందిరములకు వచ్చు పాఠకులకు మా విన్నపము. మీ యూరి బడికి వెళ్లి మూడు ప్రశ్న లడుగుడు. గదిలో యంత్రములెన్ని బ్రతికియున్నవి? అవి యొకదానితో నొకటి కలిసియున్నవా? వారమున నెన్ని గంటలు గది తెఱచియుండును? తల్లిదండ్రుల సంఘమున ఈ మాట యెత్తుడు. ఇంజనీరింగు కళాశాలలలోని యువకులారా, ఊరికి సెలవులకు వచ్చినప్పుడు రెండు దినములు పట్టకారు చేతబట్టుడు. పూర్వవిద్యార్థులారా, శిలాఫలకముమీది పేరునకై గాక, స్విచ్చికిని కేబులునకును చందా వేయుడు. మన యిండ్లపన్నుతో పాటు గ్రంథాలయపు పన్నును సైతము చెల్లించుచున్నాము. కావున శాఖాగ్రంథాలయములలోను నాలుగు యంత్రములను గలిపి యిట్టి భాండారము నుంచుమని జిల్లా గ్రంథాలయసంస్థల నడుగుటకు మనకు హక్కు గలదు.

ప్రభుత్వమువారికి మా కోరిక లివి: యంత్రములు కొను ప్రతి యుత్తరువులోను స్విచ్చి, కేబులు, సర్వరు, ఎర్తింగు తప్పనిసరిగా జేర్పబడవలయును. గుత్త ముగియునాటికి ఇరువురు స్థానికోపాధ్యాయులు గదిని స్వయముగా నడుపగలరని నిరూపించిన గాని కడపటి సొమ్ము చెల్లింపరాదు. పాత యంత్రములను వేలము వేయుటకు ముందు స్వేచ్ఛా సాఫ్టువేరుతో బ్రతికింపవచ్చునో లేదో పరీక్షింపవలయును. గది బడివేళలు ముగిసిన పిదపను ఒక గంట తెఱచియుండవలయును.

స్వయంపాలన మనునది రాజధానియందు మాత్రమే నెలకొను వస్తువు గాదు. తన గదిలోని తీగ తానే కట్టుకొని, తన భాండారమును తానే నింపుకొని, చెడినప్పుడు తానే బాగుచేసికొను బడిలో చదివిన బాలుడు, రేపు పెద్దవాడై యే యంత్రమునకును, ఏ వర్తకునకును దాసుడు గాకుండ నిలువగలడు. ఆ బాలుని కొఱకు నేడు కావలసినవి ఇరువది కేబుళ్లు, ఒక స్విచ్చి, తాళము దీయు చేయి.